ఊపిన

హైకోర్టు అనువాద విభాగం.
కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే పాత కాగితాల వాసన.
ఇరవై రెండేళ్లుగా నేను ఏడుపుల్ని ఇంగ్లీషులోకి మారుస్తున్నాను,
పేజీకి ఇరవై ఎనిమిది వరుసల చొప్పున.

అప్పీలు కట్ట విప్పితే
నా చేతిరాతే నాకు ఎదురొచ్చింది.
తొమ్మిదేళ్ల కిందటిది. అప్పుడు నాంపల్లి కోర్టులో ఉండేదాన్ని.

బండమీది మొగులమ్మ, ఇరవై ఒక్క ఏళ్లు.
బంజారాహిల్స్ పన్నెండో నంబరు రోడ్డులో
లేస్తున్న బిల్డింగు పక్కన రేకుల షెడ్డు.
నలభై మూడు రోజుల మగబిడ్డ.
ఆ రాత్రి ఏం జరిగిందని మేజిస్ట్రేటు అడిగితే
ఒక్కటే మాట చెప్పింది:
"ఊకుంటలేడని ఊపిన సారూ."

ఊపిన.
ఉయ్యాల ఊపినట్టా, చింతకొమ్మ ఊపినట్టా?
తల ఊపినట్టా, మందుసీసా ఊపినట్టా?
తెలుగులో ఆ మాటకి అన్ని గదులున్నాయి.
సాయంత్రం నాలుగున్నరకి, టైపిస్టు బస్సుకి లేటవుతోందంటే,
నేను ఒక్క తలుపే తీశాను.
షేక్ చేశాను, అని పడింది.

అక్కణ్ణించి ఆ మాట తన కాళ్ల మీద తనే నడిచింది.
డాక్టరుగారు దాన్ని చదివి
పుర్రెలోని నెత్తురుకి కారణం దొరికిందన్నారు.
పీపీగారు వాదనలో పదకొండుసార్లు పలికారు.
తీర్పులో దాని కింద గీత ఉంది.
యావజ్జీవం.

ఇప్పుడు ఇద్దరు జడ్జీలు
ఆ గీత మీద వేలు పెట్టి చూస్తున్నారు.
లీగల్ ఎయిడ్ లాయరు నుజ్‌హత్,
నల్లకోటు చేతులు ఇంకా పొడుగే ఆ పిల్లకి,
మార్చురీ బీరువా అడుగునుంచి గాజు పలకలు తీయించింది,
పురుడు పోసిన ఆసుపత్రి రిజిస్టరు తెప్పించింది.
పుట్టగానే తొడకి వేసే సూది ఒకటుందట.
అది పడని పసివాళ్లకి నెల దాటాక,
ఏ చెయ్యీ తగలకుండానే,
మెదడులో నెత్తురు కారొచ్చట.

రిజిస్టరులో ఆ గడి ఖాళీ.
పై గడిలో టిక్కు ఉంది, కింది గడిలో ఉంది.
మందు రాలేదో, నర్సు మరిచిందో,
వేసి రాయలేదో.
ఖాళీని ఎలా తర్జుమా చేస్తారు?
అంత మేరా నేనూ ఖాళీ వదిలాను.

"అసలు ఆమె అన్న మాటేమిటి?" అన్నారు పెద్ద జడ్జిగారు.
నన్ను పిలిపించారు.
బెంచి ముందు నిలబడి ఆ మాట పలికాను.
పలుకుతుంటే నా చెయ్యి దానంతటదే కదిలింది,
మెల్లగా, ముందుకీ వెనక్కీ,
లేని తాడేదో పట్టుకున్నట్టు.
కోర్టు కాసేపు నా చేతినే చూసింది.
చేతి కదలిక రికార్డుకి ఎక్కదు.

తీర్పు తెలుగులోకి మార్చడం నాకే పడింది,
ఖైదీకి చదివి వినిపించడానికి.
సంశయ లాభం, అని రాయాలి. నిఘంటువు అదే అంటుంది.
లాభం.
చంచల్‌గూడలో తొమ్మిదేళ్లు,
మూడో ఏటినుంచి ములాఖాతుకి రాని మొగుడు,
కుట్టుమిషను మీద ఎన్నో వేల తెల్ల చొక్కాలు,
పోగా మిగిలిన లాభం.
పెన్సిలుతో రాశాను, చెరిపాను, మళ్లీ అదే రాశాను.
ఇంకో మాట దొరకలేదు.

మూడువందల పన్నెండు పేజీల్లో
పిల్లవాడు మృతుడు, లేదా సదరు శిశువు.
పేరు ఒక్కచోటే ఉంది, పంచనామాలో,
ఉయ్యాల చీర రంగుకి పక్కన:
కురుమన్న.

తీర్పు నకలు తీసుకుని వేలిముద్ర వేస్తూ అడిగిందట,
వార్డరు నుజ్‌హత్‌కి చెబితే, నుజ్‌హత్ నాకు చెప్పింది:
"గట్లయితే నా పోరడు దేనికి సచ్చిండు?"

ఆ వాక్యం ఏ కట్టలోనూ లేదు.
దాన్ని తర్జుమా చెయ్యమని
నాకెవరూ పంపలేదు.